స్టాకు రాసిపెట్టుకోవాలా, కూడుకోవాలా?

మందుల హోల్‌సేల్ దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. అమ్మకం, కొనుగోలు, వాపసు అన్నీ ఒక టేబుల్లో వరుసగా పడతాయి. ఏ మందు ఎంత మిగిలిందో ఇంకో టేబుల్లో ఉంటుంది. ఆ రెండోది అసలు ఉండాలా అన్నదే గొడవ. మొదటిదాన్ని చిట్టా అనీ, రెండోదాన్ని ఆవర్జా అనీ పిలుచుకుందాం. పాత షావుకార్ల మాటలే.

చిట్టా పక్షం: ఒకే లెక్క రెండు చోట్ల రాస్తే ఎప్పుడో ఒకప్పుడు తేడా కొడుతుంది. స్టాకు కావాలంటే చిట్టా కూడుకోండి.

ఆవర్జా పక్షం: ప్రతి బిల్లుకీ ఐదేళ్ల చిట్టానా? కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఉంటాడండీ.

చిట్టా: ఇండెక్స్, అంటే ఏ మందు వరుసలు ఎక్కడున్నాయో చూపే సూచిక, ఉంటే కంప్యూటర్ ఆ ఒక్క మందు వరుసలే చదువుతుంది. మీ సంగతి చూడండి. స్టాకు 40. ఇద్దరు గుమాస్తాలూ ఒకేసారి చదివారు. ఒకరు 5 తీసేసి 35 రాశారు, వెంటనే ఇంకొకరు 3 తీసేసి 37 రాశారు. కంప్యూటర్లో 37, అరలో 32!

ఆవర్జా: చదివి, ప్రోగ్రాంలో తీసివేసి, తిరిగి రాస్తే అంతే మరి. ‘ఉన్నదాంట్లోంచి 5 తగ్గించు’ అని ఒకే అప్‌డేట్ పంపండి. ఆ వరుసకు లాక్ పడుతుంది, రెండోవాడు ఆగి తగ్గిస్తాడు. దాన్ని ట్రిగ్గర్లో, అంటే చిట్టాలో వరుస పడగానే దానంతటదే నడిచే కోడ్‌లో, పెడితే బిల్లూ స్టాకూ ఒకే ట్రాన్సాక్షన్: జరిగితే రెండూ, లేదంటే ఏదీ లేదు. బిల్లు రోల్‌బ్యాక్ అయితే, అంటే మధ్యలో రద్దయితే, స్టాకూ వెనక్కొస్తుంది.

చిట్టా: ఆగి అన్నారు, అదీ అసలు సంగతి. జ్వరాల సీజన్లో పది కౌంటర్లూ పారాసిటమాల్ వరుస దగ్గరే క్యూ కడతాయి. ఒక బిల్లులో పారాసిటమాల్ ముందు, దగ్గు సిరప్ తర్వాత. ఇంకో బిల్లులో తిరగేసి. ఇక డెడ్‌లాకే: ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ కదలరు.

ఆవర్జా: మందు నంబర్ల క్రమంలోనే తగ్గిస్తే ఆ డెడ్‌లాక్ రాదు. క్యూ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆఖరి స్ట్రిప్పు సంగతేంటి? ఇద్దరూ మీ చిట్టా కూడారు, ఇద్దరికీ 1 కనబడింది, ఇద్దరూ అమ్మేశారు. నా టేబుల్లో సున్నా కంటే తగ్గకూడదని చెక్ ఉంది. రెండో బిల్లు ఆగిపోతుంది.

చిట్టా: ...అది నిజమే. సరే, కౌంటర్‌కు ఉంచండి. రిపోర్టులకు మెటీరియలైజ్డ్ వ్యూ, అంటే ఒకసారి కూడి దాచిపెట్టిన ఫలితం, చాలదా?

ఆవర్జా: మన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అది దానంతటది మారదు, మనమే రిఫ్రెష్ చేయాలి. పొద్దున చేస్తే సాయంత్రానికి పాతబడుతుంది.

చిట్టా: పోనీ, నెలాఖరు స్టాకు రాసిపెట్టి, ఈ నెల వరుసలు మాత్రం కూడదాం. మూసేసిన నెల మారదుగా!

ఆవర్జా: మారదా? మొన్న పాత తేదీతో వాపసు ఎక్కించింది ఎవరండీ?