జాజికాయ పెళ్ళి

పెరట్లో కొబ్బరి నీడన జాజికాయ మొక్క నాటి ఏడేళ్ళయింది. "రాజా మొక్కండి, ఏడో ఏట చూసుకోండి" అన్నాడు అమ్మినాయన. ఏడో ఏట పూసింది, గుత్తులు గుత్తులుగా. ఇంటి జాపత్రి పంపుతానని వియ్యాలవారికి మాట కూడా ఇచ్చేశాను. పిందె మాత్రం ఒక్కటీ లేదు. పుప్పొడి అందడం లేదు కాబోలు, బుల్లి పురుగులు చేసే ఆ పనేదో నేనే చేద్దామనుకున్నాను.

పొద్దున్నే ఆరింటికి, లుంగీ బనీనుతో, మా అమ్మాయి వాటర్ కలర్ బ్రష్షు పట్టుకుని స్టూలెక్కాను. జాజికాయ పువ్వు (సన్నజాజి కాదు) చిటికెన వేలి గోరంత. లేత పసుపు కూజాను తలకిందులుగా వేలాడదీసినట్టు ఉంటుంది. దాని మూతిలో బ్రష్షు దూర్చాలంటే ఊపిరి బిగబట్టాలి. ఒకదాంట్లో తిప్పి, ఇంకోదాంట్లో తిప్పి, చీమలకి దారిస్తూ, 116 పువ్వులు లెక్కపెట్టాను. చదివింపుల లెక్క అలవాటు మరి. గోడ అవతల నుంచి పిన్నిగారు "ఏవిటి నాయనా, చెట్టుకి కాటుక పెడుతున్నావా?" అన్నారు. "పెళ్ళి చేస్తున్నానండి" అన్నాను. ఆ తెలివి అప్పుడే ఎందుకు పుట్టుకొచ్చిందో! ఆవిడ కాఫీ గ్లాసుతో సహా గోడ దగ్గరే సెటిలయ్యారు.

దింపుకొచ్చినతను కొబ్బరిచెట్టు మీంచి అంతా చూస్తున్నాడట. కోనసీమలో కొబ్బరి మధ్య జాజికాయ వేసిన తోటలన్నీ తిరిగినవాడు. దిగొచ్చి, ఒక పువ్వు తెంపి, గోటితో చీల్చి నా ముక్కు కింద పెట్టాడు.

"పిందె ఏదండి బాబూ? పెసరగింజలా పచ్చగా ఉండాలి. ఉత్త పుల్లే ఉంది. ఇది మగ చెట్టండి, ఆయ్."

116 మందీ పెళ్ళికొడుకులే. పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు గానీ లాభం లేకపోయింది.

గింజ మొక్క ఆడో మగో పూసేదాకా తెలీదట. ఆడ చెట్టు నుంచి కట్టిన అంటయితే ఈ బాధే లేదట. ఆ ముక్క అప్పుడే చెబితే అమ్మినాయన నోటి ముత్యాలు రాలిపోయేవా? ఫోన్ చేసి కడిగేద్దామనుకుంటే, "పది ఆడ చెట్లకి ఒక్క మగ చెట్టు చాలండి, అది మీకు ఉండనే ఉంది. పది అంట్లు పంపమంటారా?" అన్నాడు.

నాది రెండు సెంట్ల పెరడు.

నిన్న పలావులోకి జాపత్రి కావాల్సొచ్చింది. పిన్నిగారి గోడ పక్కన కాకుండా, వీధంతా చుట్టి కొట్టుకి వెళ్ళాను.