వెనిస్ "రహస్యాలు": ఆ మెసేజ్ పంపేముందు ఒక్కసారి చదవండి

"వెనిస్‌లో టూరిస్టులకు తెలియని 6 చోట్లు, అన్నీ ఫ్రీ!" ఎవరైనా యూరప్ వెళ్తున్నామంటే చాలు, చుట్టాలూ స్నేహితులూ వరసపెట్టి ఇదే పంపుతున్నారు.

మొదటిది, పడవలో పుస్తకాలు పేర్చిన కొట్టు. గుమ్మం ముందు క్యూ ఉండే రహస్యం ఇదొక్కటే కాబోలు. రెండోది, బోవొలో మెట్ల గోపురం: చూస్తే ఫ్రీ, ఎక్కితే టికెట్. మూడోది, తోర్చెల్లో దీవిలో "అట్టిలా కూర్చున్న సింహాసనం". అట్టిలా అంటే హూణుల రాజు. అట్టిలా పోయింది 453లో, పక్కనున్న కెథడ్రల్‌కి పునాది పడింది 639లో. ఆ రాతికుర్చీ ఏ బిషప్‌దో అయ్యుంటుంది. కెథడ్రల్ లోపల పడమటి గోడంతా పరుచుకున్న తుది తీర్పు మొజాయిక్ గురించి మాత్రం మెసేజ్‌లో ముక్క లేదు.

నాలుగోది, "2 యూరోలకే గొండోలా పడవ" అన్నది నిజమే, ఒప్పుకోవాలి. కాకపోతే అది షికారు కాదు, రేవు దాటడం. త్రాగెత్తో అంటారు. సాంత సోఫియా దగ్గర ఎక్కితే రెండు నిమిషాల్లో గ్రాండ్ కెనాల్ అవతల చేపల మార్కెట్ దగ్గర దింపేస్తారు. చిల్లర దగ్గర పెట్టుకోండి. సాయంత్రమైతే ఉండదు, రియాల్తో వంతెన దాకా నడవాల్సిందే.

అసలు కోపం ఐదోదాని మీద: "ఎండగా ఉంటే చిన్న కాలువల మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టుకోండి, ఈత వస్తే దిగండి, ఎవరూ ఏమనరు." గోదావరి రేవనుకున్నారా? అవి పడవ దిగే మెట్లు. సుమారు ఆరు గంటలు నీళ్లు ఎక్కుతాయి, ఆరు గంటలు తగ్గుతాయి. కింది మెట్లు రోజుకి రెండుసార్లు మునిగి తేలుతూ పాచి పడతాయి, ఆరినట్టు కనిపించినా జారతాయి. గోడ మీద ఆకుపచ్చ గీత ఎంతవరకుంటే మామూలు పోటు అంతవరకు వస్తుందని లెక్క. ఆ గీత కింద కాలు పెట్టకూడదు. పడితే అడుగున బురద, రెండు పక్కలా నిట్టనిలువు గోడలు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. సరుకుల పడవా, చెత్త పడవా, అంబులెన్సూ వచ్చేది ఆ కాలువలోంచే. ఇంకోటి, పాత ఊళ్లో ఇళ్ల మురుగు చేరేదీ అందులోకే, కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు గుండా, కొన్నిచోట్ల నేరుగా. హాయిగా కాళ్లు పెట్టుకోమన్న నీళ్లు అవీ! దిగి దొరికితే జరిమానా వందల యూరోల్లో ఉంటుంది, ఊళ్లోంచి పంపేయనూవచ్చు. ఆ "ఎవరూ ఏమనరు" అన్న పెద్దమనిషి కట్టడు కదా.

ఆరోది: సాన్ మార్కో గంటగోపురం వదిలేసి ఎదురు దీవిలోని సాన్ జోర్జో మజ్జోరె చర్చిది ఎక్కమని. దీనికి వంక పెట్టలేను. లిఫ్ట్ ఉంది, రద్దీ తక్కువ, పైగా సాన్ మార్కో ఎక్కినవాళ్లకి కనబడనిది సాన్ మార్కో గోపురమే. సాన్ జక్కారియా రేవులో 2వ నంబరు వాపొరెత్తో (నీటి బస్సు) ఎక్కితే ఒకటే స్టాపు. టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు పనిచేస్తుంది. ఎక్కేముందు మెషీన్‌కి ఆనించకపోతే టికెట్ ఉన్నా జరిమానా వేస్తారు. గోపురం లిఫ్ట్‌కి వేరే టికెట్. ఫ్రీ అట!