పాపం, మంచివాడట!

రష్యా ఆఖరి జారు రెండో నికోలస్ మాట ఎత్తగానే ఎవరో ఒకరు నిట్టూరుస్తారు: "పాపం, మంచివాడండీ. భార్యాబిడ్డలంటే ప్రాణం. కాస్త మెతక, అంతే." సరే, ఆ మెతకదనం ఏపాటిదో భక్తిశ్రద్ధలతో చూద్దాం.

1895లో స్థానిక సభల ప్రతినిధులు పాలనలో పిసరంత చోటు అడిగితే, "అర్థంలేని కలలు" అని పంపేశాడు. 1897 జనాభా లెక్కల్లో వృత్తి అన్నచోట "రష్యా నేలకు యజమాని" అని రాసుకున్నాడు. 1905లో గత్యంతరం లేక పార్లమెంటు ఇస్తానన్నాడు. డూమా అనే ఆ పార్లమెంటు మొదటిది 72 రోజులు బతికింది, రెండోది 102 రోజులు. ఆ తర్వాత ఎన్నికల చట్టాన్నే తిరగరాయించి తనకు నచ్చే సభను తెచ్చుకున్నాడు. అధికారం పంచుకోమంటే మాత్రం ఉక్కుమనిషే!

మెతక ఎవరి ముందంటే, ఎదురుగా కూర్చున్న మంత్రి ముందు. నవ్వుతూ తలూపి సాగనంపడం, వెనకాలే ఉద్వాసన ఉత్తరం పంపడం. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1915లో మంత్రులు వద్దు మొర్రో అంటున్నా సర్వసేనాధిపత్యం నెత్తికెత్తుకుని సైనిక ప్రధాన స్థావరం మొగిలేవ్ చేరాడు. ఇక ప్రతి ఓటమీ ఆయన ఖాతాలోనే. 1916లో ప్రధానులు నలుగురు: గొరెమీకిన్, స్టూర్మెర్, ట్రెపోవ్, గొలీత్సిన్. చివరాయన తనవల్ల కాదని బతిమాలుకున్నా వినలేదు.

ఇక ఘనకార్యం. 1917 ఫిబ్రవరి, పాత క్యాలెండరు లెక్కన. 23న రాజధాని పెట్రోగ్రాడ్‌లో ఆడవాళ్లు రొట్టె కోసం వీధికెక్కారు. 25కల్లా నగరం స్తంభించింది. ఆ రాత్రి మొగిలేవ్ నుంచి నగర సేనాపతి జనరల్ ఖబాలోవ్‌కి జారు టెలిగ్రాం: రాజధానిలో అల్లర్లు రేపే ఆపాలి. యుద్ధకాలంలో ఇవి తగవట. రేపే! రొట్టె ఊసు లేదు. 26న సైనికులు జనాన్ని కాల్చారు. రాజధానిలో అరాచకమని డూమా అధ్యక్షుడు రొద్జ్యాంకో మొత్తుకున్నాడు. ఆ రోజు జారు డైరీలో ఏముంది? చర్చికి వెళ్లాడు, బొబ్రూయిస్క్ రోడ్డు మీద షికారు చేశాడు, సాయంత్రం డొమినోలు ఆడాడు. సామ్రాజ్యం ఎవరు ఓడారో తెలిసిందిగానీ, ఆ ఆట ఎవరు గెలిచారో డైరీలో లేదు. మర్నాడు వొలీన్‌స్కీ రెజిమెంటు జవాన్లు తమ అధికారినే కాల్చి జనంలో కలిశారు. ఫ్రంట్ సేనాపతులంతా దిగిపొమ్మనే సలహా ఇచ్చారు. మార్చి 2న ప్స్కోవ్‌లో, రైలుపెట్టెలో, గద్దె దిగుతున్నానని సంతకం పెట్టాడు.

మెతకదనం అయింది. ఇక మంచితనం.

1905 జనవరి 9. దేవుడి పటాలూ ఈయన పటాలూ మోసుకుంటూ, అర్జీ పట్టుకుని, పెళ్లాంపిల్లలతో సహా కార్మికులు రాజధానిలోని జారు రాజభవనం శీతాకాల సౌధానికి బయల్దేరారు. ఏలినవారు అక్కడ లేనేలేరు. సైన్యం కాల్చింది. "ఎంత బాధ" అని డైరీలో రాసుకున్నాడు, నిజమే. ఆ వెంటనే: అమ్మ వచ్చింది, అందరితో భోంచేశాం, మీషాతో (తమ్ముడు మిఖాయిల్) నడకకు వెళ్లాను. పదిరోజులకు అధికారులు ఏరి తెచ్చిన 34 మంది కార్మికులను ఎదురుగా నిలబెట్టి, మీ తప్పు క్షమిస్తున్నానన్నాడు. ఎవరి తప్పయ్యా? తుపాకులు ఎవరివి, శవాలు ఎవరివి? భార్యాబిడ్డలంటే ప్రాణమట! ఆ మంచులో పడి చచ్చినవాళ్లకు లేరా భార్యాబిడ్డలు?