స్టేజి మీది శాలువా గారికి

శాలువా గారికి ప్రభువు నామంల వందనాలు.

మీకేం తక్కువ, మంచిగనే ఉంటరు. డిసెంబర్ వచ్చిందంటే హన్మకొండ, కాజీపేటల ఏ గల్లీల చూసినా పండుగకు ముందు చేసే సెమీ క్రిస్మస్, ఏ సెమీ క్రిస్మస్‌ల చూసినా మీరే. సరే అప్పుడు చలి ఉంటది అనుకుందాం, మరి మే నెల ఉజ్జీవ సభలల్ల ఏందండి? ఫ్యాన్లు వేడిగాలి కొడుతుంటే ఒక పెద్దమనిషి మెడ మీద నాలుగు శాలువాలు, చెమట తుడుసుకుంట నవ్వుతుంటడు, ఫొటోగ్రాఫరేమో సరిగ్గ రాలే సార్ ఇంకోసారి కప్పున్రి అంటడు, మళ్ల తీసి మళ్ల కప్పుతరు.

మైకు పట్టుకున్న అన్న "సమస్త మహిమ దేవునికే" అంటడు, ఊపిరి తీసుకోకుంటనే మన లీడర్ గారిని వేదిక మీదికి పిలుస్తడు. మీరు గంటన్నర, వాక్యం పావుగంట. ఆ వాక్యం గూడ తగ్గింపు జీవితం మీదనే! మొన్న లూకా 14 తీసిన్రు, విందుకు పిలిస్తే అగ్రపీఠం మీద కూసోకు, కడపటి చోట కూసో అని. చదివినాయన సోఫాల కూసోనే చదివిండు.

మీ తరఫోళ్లు తీసే వాక్యం నాకు ఎరికే, మొదటి తిమోతి 5:17, మంచిగ పాలన చేసే పెద్దలు రెట్టింపు సన్మానానికి పాత్రులు. పెద్దలను గౌరవించొద్దని ఎవ్వలంటున్నరు? కని దాని కింది 18వ వచనం ఎందుకు చదువరు మరి, పనివాడు జీతానికి పాత్రుడు అని ఉంటది అండ్ల. నర్సంపేట దిక్కు పాత బండి మీద మూడు ఊర్లు తిరిగి ఆరాధన నడిపే పాస్టరయ్యకు మిమ్మల్ని కప్పి పంపుతరు, పెట్రోల్ ట్యాంకుల మిమ్మల్ని పోసుకుంటడా ఆయన? పాస్టరమ్మేమో బీరువల జాగ లేక మిమ్మల్నే మడిచి ఇంకో సభకు పంపుతది, అక్కడ ఇంకో మెడ.

మన డోర్నకల్‌ల అజరయ్య గారు ఉండె, 1912ల ఆంగ్లికన్ సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్ అయినాయన. ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఊర్లు తిరిగిండని చెప్తరు గని శాలువల లెక్క ఎవ్వలు చెప్పంగ నేను ఇనలే.

ఇగ మీ చుట్టాల సంగతి. తువాలు ఒకటి. యోహాను 13ల యేసయ్య పైవస్త్రం తీసి పక్కకు పెట్టి తువాలు నడుముకు కట్టుకోని శిష్యుల కాళ్లు కడిగిండు, సూసిన్రా, మీద ఉన్నది గూడ తీసేసిండు. ఇంకోటి మన కొత్తవాడ జంపఖానా, వరంగల్ దరీలకు 2018ల జీఐ, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే గుర్తింపే వచ్చింది, అయినా మందిరంల కిందనే పడి ఉంటది పాపం. సభ అయినంక దాన్ని దులిపి మడతవెట్టే అవ్వ పేరు మైకుల ఎన్నడు రాలే.

ఈసారి సెమీ క్రిస్మస్‌కు గూడ మిమ్మల్ని కప్పేటోళ్ల పేర్ల లిస్టు రాసిన్రట, చాంతాడంత ఉన్నదట. పేర్లు కొట్టెయ్యమని అడగ, అడిగితే నన్నే సంఘంలకెళ్లి కొట్టేస్తరు. ఒక్కటే అడుగుత, ముందుగాల పిల్లలకు అన్నం పెట్టనీయున్రి, చిన్న చిన్న పోరగాండ్లు తొమ్మిదిన్నర దాక కేకు దిక్కు చూసుకుంట ఏడుస్తున్నరు. వాళ్లు తిన్నంక మీ ఇష్టం, తెల్లారేదాక కప్పించుకోన్రి.