ఆ టైర్లతో, ఆ మోడ్‌లో, వానలోనా?

బైక్ గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్. ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ 765 మోటో2 ఎడిషన్ గురించి. మోటో2 అంటే మోటోజీపీ బైక్ రేసుల్లో రెండో తరగతి. రేసు ఇంజిన్‌నే ఉన్నదున్నట్టు పెట్టారట. గంటకి 300 కిలోమీటర్లు దాటుతుందట. కార్బన్ బాడీ కాబట్టి ఆర్ఎస్ (ఇదే బండిలో మామూలు వెర్షన్) కంటే 20 కిలోలు తక్కువట. రేస్ టైర్లు కాబట్టి వానలోనూ జారదట. ట్రాక్ మోడ్‌లో పెడితేనే పూర్తి పవరట. కొని దాచుకుంటే ఐదేళ్లలో రేటు రెండింతలట. తప్పురా అంటే "నీకెందుకంత కుళ్లు" అంటున్నారు. సరే, కుళ్లే అనుకోండి.

ముందు ఆ ఫొటో. నేకెడ్ బైక్ అని రాసి, ఫుల్ ఫెయిరింగ్ (గాలిని తప్పించే కవచం) ఉన్న ట్రయంఫ్ డేటోనా బొమ్మ పెట్టారు. నేకెడ్ అంటేనే ఆ కవచం లేని బండి. అది 2019లో వచ్చిన వేరే లిమిటెడ్ ఎడిషన్.

ఇంజిన్ సంగతి. మోటో2 గ్రిడ్ మొత్తానికీ 2019 నుంచి ట్రయంఫ్ 765 ఇంజినే, నిజం. కానీ రేసు ఇంజిన్‌లో టైటానియం వాల్వులు, గట్టి స్ప్రింగులు, మార్చిన హెడ్, వేరే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఉంటాయి. 140 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పైనే ఇస్తుంది. ఈ ఎడిషన్‌ది 12,000 ఆర్‌పీఎం దగ్గర 130 పీఎస్, టార్క్ 80 ఎన్ఎం. అంటే మామూలు ఆర్ఎస్‌లో ఉన్నదే, ఒక్క గుర్రం కూడా ఎక్కువ లేదు. అలాగని మోటో2 పేరు ఉత్త స్టిక్కరనీ అనలేను. 2023లో 123 పీఎస్ కాస్తా 130 అయిందన్నా, కంప్రెషన్ (సిలిండర్లో గాలీ ఇంధనాన్నీ నొక్కే నిష్పత్తి) 13.25కి పెరిగిందన్నా రేసుల్లో నేర్చుకున్నదే కారణం. కాకపోతే ఆ ఫలం ఆర్ఎస్ కొన్నవాడికీ దక్కింది.

300 దాటింది రేసు బండి, అదీ రైడర్ ఫెయిరింగ్ వెనక ముడుచుకుని పడుకుంటే. ఇక్కడ గాలంతా ఛాతీకే. పైగా "ఓఆర్ఆర్ మీద ట్రై చేయండి" అని సలహా ఒకటి. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీదకి టూవీలర్‌ని రానివ్వరు స్వామీ.

కార్బన్: ఆర్ఎస్, ఈ ఎడిషన్, రెండు బండ్లూ 188 కిలోలే. అయిపోయింది.

ఇక నాకు ఒళ్లు మండేది టైర్ల మాట. ఈ బండికి వచ్చేవి పిరెల్లీ సూపర్‌కోర్సా ఎస్పీ. టైరు మీద గాడులుండేది కింది నీళ్లను పక్కకి తోసేయడానికి. వీటికి ఆ గాడులే తక్కువ, అంచుల్లోనైతే నున్నగా ఉంటాయి. ఎండిన ట్రాక్ మీద బండి వాల్చినప్పుడు రబ్బరు ఎక్కువగా ఆనాలని అలా చేశారు. ఆ రబ్బరుకి వేడెక్కితేనే పట్టు. తొలకరి జల్లుకి రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి జిడ్డు తేలినప్పుడు, జీబ్రా క్రాసింగ్ పెయింట్ మీదో మ్యాన్‌హోల్ మూత మీదో బ్రేక్ నొక్కి చూస్తే తెలుస్తుంది. వద్దు, చూడకండి. రేసుల్లోనే వాన పడితే టైర్లు విప్పేసి గాడులున్న వాన టైర్లు వేస్తారు. రేస్ టైరు తడిలో జారకపోతే ఆ మెకానిక్కులు ఎందుకు మారుస్తున్నట్టు, వ్యాయామానికా?

దీనికి తోడు ట్రాక్ మోడ్. అందులో ఏబీఎస్ (బ్రేక్ నొక్కితే చక్రం బిగుసుకోకుండా చూసేది) వీలైనంత తక్కువగా కలగజేసుకుంటుంది. పూర్తి పవర్ కావాలంటే రోడ్ మోడ్‌లోనే వస్తుంది. తగ్గించేది రెయిన్ మోడ్, అదీ మన ఒళ్లు దక్కాలనే. తడి రోడ్డు, వేడెక్కని నున్నటి టైరు, సగం నిద్రలో ఉన్న ఏబీఎస్. ఈ మూడింటినీ ఒకే సలహాలో ఇరికించాలంటే మామూలు బుర్ర చాలదు. మొన్నటిదాకా 200 సీసీ నడిపి ఇప్పుడే పెద్ద బండెక్కిన కుర్రాడు ఇది నమ్మితే, ఎక్స్‌రేతో పాటు ఈ ఫార్వర్డ్ కూడా ఎముకల డాక్టరుకి చూపించుకోవాలి.

పెట్టుబడి అంటారా? రెండు రంగుల్లో ఒక్కొక్కటి 765 చేశారు, పై యోక్ (హ్యాండిల్ దగ్గర ఫోర్కుల్ని పట్టి ఉంచే ప్లేటు) మీద నంబరుంటుంది. రెండింతలవుతుందని రాసినాయన తానెన్ని కొన్నాడో కూడా రాయాల్సింది.

విచిత్రమేంటంటే, నిజంగా డబ్బు పెట్టదగ్గ వస్తువు ఆ మెసేజ్‌లో లేనే లేదు. మొదటిది ఫోర్కులు, అంటే ముందు చక్రం సస్పెన్షన్. ఆర్ఎస్‌కి షోవా కంపెనీవి అయితే దీనికి ఓలిన్స్ వాళ్ల ఎన్ఐఎక్స్30. వాటితో పాటు, ఆర్ఎస్ హ్యాండిల్ కంటే 80 మిల్లీమీటర్లు కిందికి, 50 ముందుకి జరిపిన క్లిప్-ఆన్‌లు (ఫోర్కులకే బిగించే విడి హ్యాండిళ్లు). రైడర్ బరువు ముందు చక్రం మీద పడుతుంది, కార్నర్‌లోకి దిగేటప్పుడు ముందు టైరు ఏం చేస్తోందో చేతికి తెలుస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తరచూ వెళ్లేవాడికి ఆ ఫోర్కులు దండగ అని నేననను. పంజాగుట్ట ట్రాఫిక్‌లో మాత్రం అవే క్లిప్-ఆన్‌లు మణికట్లు విరిచేస్తాయి.