తథాస్తు దేవతలు వింటున్నారు, ఫైలు మూసెయ్యండి

ఈ మధ్య కొందరు చదువుకున్నవాళ్లు ఒక ప్రమాదకరమైన ప్రచారం మొదలుపెట్టారు. ఇంట్లోని ముఖ్యమైన కాగితాలన్నీ ఒకచోట చేర్చాలట. వాటికొక జాబితా రాయాలట. ఆ జాబితా ఎక్కడుందో భార్యకూ పిల్లలకూ చెప్పాలట. ఎందుకయ్యా అంటే ‘రేపు ఏదైనా అయితే’ అంటారు. రేపు ఏమవుతుంది? ఇవాళ సోమవారమైతే రేపు మంగళవారం అవుతుంది. అంతకుమించి ఏదో అవుతుందని పెద్దల ముందు అనడమే మర్యాద తప్పిన పని. తెలుగు ఇంటి యజమాని తరతరాలుగా కాపాడుకొస్తున్న ఒక మహత్తర వ్యవస్థ మీద జరుగుతున్న ఈ దాడిని ఖండించడం నా కనీస బాధ్యత.

ఆ వ్యవస్థ తెలియనివారి కోసం ఒక సుబ్బారావు గారిని ఊహించుకుందాం. ఉద్యోగ విరమణ అయింది, పిల్లల పెళ్లిళ్లు అయ్యాయి, సొంత ఇల్లుంది. ఆయన కాగితాలు బయటివాళ్ల కంటికి చిందరవందరగా ఉంటాయి గానీ వాటి వెనక లోతైన వ్యూహం ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు బట్టల దుకాణం వాళ్లిచ్చిన సంచిలో ఉంటాయి. దొంగ చూసినా జాకెట్టు గుడ్డలనుకుని వదిలేస్తాడు. బీమా బాండ్లు బిస్కెట్ల రేకు డబ్బాలో, సూదీదారాల కింద. పొలం పాసుపుస్తకం ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంది. తమ్ముడేమో అది అన్నయ్య దగ్గరే ఉందని నిశ్చింతగా ఉన్నాడు. ఇంత పకడ్బందీగా కాగితాలు దాచిన ఈ పెద్దమనిషి బంగారం మాత్రం వీధిలో అందరికీ తెలిసిన చోటే పెడతారు. దొంగకు కావలసింది అది కాదని ఆయన నమ్మకం.

బీరువాలో అసలు కాగితం ఒక్కటే ఉంటే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. అందుకని దాని చుట్టూ కాపలా పెట్టారు: ముప్పై ఏళ్ల నాటి కరెంటు బిల్లులు, ఎప్పుడో పాత సామానువాడికి వేసిన ఫ్రిజ్ తాలూకు వారంటీ కార్డు, ఇప్పుడు కోర్టులో విడాకుల కేసు నడుపుకుంటున్న జంట శుభలేఖ, ఎవరిదో తెలియని పాస్‌పోర్టు సైజు ఫొటోలు. మరీ విలువైన వాటికి లామినేషన్ చేయించారు. వెనక వైపు ముద్ర వెయ్యడానికి వీల్లేకుండా పోయిందని ఆఫీసులో గుమాస్తా తల పట్టుకుంటే అది గుమాస్తా చేతకానితనం.

కాగితాలు దొరికినంత మాత్రాన పని జరుగుతుందని మురిసిపోయే తొందరపాటుదారులకు రెండో అడ్డుగోడ కూడా ఉంది. అది పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఆయన ఒక పొడి అక్షరంతో వెంకట సుబ్బారావు. పాన్ కార్డులో ఆ పొడి అక్షరం ఇంటిపేరుగా విచ్చుకుని చివరకు వెళ్లింది. ఆధార్‌లో ముందుకొచ్చింది గానీ ‘వెంకట’ మాయమైంది. పాసుపుస్తకంలో వీఆర్వో గారి చనువు వల్ల సుబ్బయ్య. కరెంటు మీటరైతే ఇంకా ఇల్లు అమ్మినవారి తండ్రి పేరు మీదే వెలుగుతోంది. మీటరు సంగతి వదిలేసి, మిగతా వాళ్లంతా ఒక్కరేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించవచ్చు. కానీ ఒకే మనిషి నలుగురిగా చలామణీ కావడం పురాణ పురుషులకే సాధ్యమైన విద్య. దాన్ని ఒక స్టాంపు కాగితానికి తాకట్టు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. కాగితాలు సర్దమనేవాళ్లకు తథాస్తు దేవతల గురించి తెలియదు. సంధ్యవేళ వాళ్లు ఇళ్ల మీదుగా తిరుగుతూ ఉంటారు. ‘నా తర్వాత ఈ ఇల్లు...’ అని యజమాని అన్నాడో లేదో, పైనుంచి ‘తథాస్తు’ అని వినిపిస్తుంది. వీలునామా మాటెత్తితే భార్య చెవులు మూసుకుంటుంది, కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, కొడుకు ‘ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా’ అంటూ కొంచెం ఆసక్తిగా ముందుకు జరుగుతాడు. ఆ ముందుకు జరగడం ఆయన గమనిస్తారు. వీలునామా అక్కడితో ఆగిపోతుంది. మరి పాతికేళ్ల పాటు జీవిత బీమా ప్రీమియం ఎలా కట్టారని అడగకండి. అదే గదిలో, అదే సంధ్యవేళ, ఏజెంటు కాఫీ తాగుతూ ‘దురదృష్టవశాత్తూ మీకు ఏదైనా జరిగితే’ అని మూడుసార్లు అన్నాడు. ఏజెంట్ల మాటలు దేవతలు కూడా పట్టించుకోరు.

ఈ కింది పేరా ఇంటి యజమానులకు మాత్రమే. దయచేసి కుటుంబ సభ్యులకు చూపించవద్దు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం రాసినవారితో పాటు ఇద్దరు సాక్షులు సంతకాలు పెడితే సరిపోతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే గానీ వారసుల హక్కు అంతటితో పోదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు; ఒక్క పేరు రాయడానికే మంచిరోజు దొరకని మనకు ప్రభుత్వం నాలుగు గళ్లు ఇచ్చింది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంతటి అశుభాలు అచ్చులో చదివినందుకు కాళ్లు కడుక్కుని లోపలికి రండి.

మన వ్యవస్థ ఎంత విజయవంతమైందో తెలియాలంటే రిజర్వు బ్యాంకు లెక్క చూడాలి. పదేళ్ల పాటు ఎవరూ తాకని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తాయి. 2023 ఫిబ్రవరి నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకులు అలా పంపిన సొమ్ము దాదాపు 35 వేల కోట్ల రూపాయలు. ఈ దేశంలో బిస్కెట్ల డబ్బాల సామర్థ్యాన్ని ఇంతకంటే ఘనంగా ఎవరూ నిరూపించలేదు. ఓర్వలేని రిజర్వు బ్యాంకు అదే ఏడాది ఆగస్టులో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ తెరిచి, ఎవరి డిపాజిట్ ఏ బ్యాంకులో పడి ఉందో వెతుక్కోమంటోంది. సొమ్ము రిజర్వు బ్యాంకుకు చేరినా యజమానికో వారసులకో హక్కు పోదట, అడిగితే బ్యాంకు ఇవ్వవలసిందేనట. అంత కష్టపడి దాచినదాన్ని మళ్లీ బయటికి తీయించడం ఏం న్యాయం?

నీళ్లకు మాత్రం ఈ వ్యూహం అర్థం కాదని ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు బీరువా కింది అరలకు ఏ మినహాయింపూ ఇవ్వలేదు. తడిసి ముద్దయిన సర్టిఫికెట్లను డాబాల మీద ఆరబెట్టుకున్నవాళ్లను చూసి కూడా మనవాళ్లు కాగితాలను పై అరకు మార్చలేదు. పై అరలో దుప్పట్లున్నాయి.

కొత్త తరం ఈ సంప్రదాయాన్ని వదిలేస్తుందేమోనని నాకు కొంత బెంగ ఉండేది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న సుబ్బారావు గారి అబ్బాయిని చూశాక ఆ బెంగ తీరింది. తండ్రి బీరువాను చూసి నవ్వే ఈ కుర్రవాడు తన షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, పీఎఫ్, ఇంటి అప్పు అన్నీ ఫోనులో పెట్టుకున్నాడు. ఆ ఫోను అతని వేలిముద్రకు తప్ప తెరుచుకోదు. ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. పీఎఫ్‌లో నామినీగా ఇంకా అమ్మ పేరే ఉంది, అయిదేళ్ల క్రితం పెళ్లయింది. బీరువానైతే తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిచి తెరిపించవచ్చు. 2021 కరోనా వేసవిలో ఎందరి ఇళ్లలో తెరుచుకోని ఫోన్లు మిగిలాయో గుర్తున్నవాళ్లు ఈ వాక్యం దగ్గర నవ్వరు. నేనూ నవ్వించడానికి రాయలేదు.

పత్రాలను ఇంటర్నెట్‌లో దాచుకునే ప్రభుత్వ సదుపాయం, డిజిలాకర్ అని 2015లో ఒకటి వచ్చింది. అందులో జారీ అయిన పత్రాలు అసలు పత్రాలతో సమానమేనని నిబంధనలు కూడా చెబుతున్నాయి. సుబ్బారావు గారు దాన్ని తెరవడానికి ప్రయత్నించారు. ఆధార్‌కు కలిపిన నంబరుకు ఓటీపీ వెళ్లింది. ఆ నంబరు ఆయన ఉద్యోగంలో ఉండగా వాడి వదిలేసినది. ఇప్పుడది ఎవరి దగ్గరుందో గానీ, ఆ అజ్ఞాత వ్యక్తి ఆయన పత్రాలకు సుబ్బారావు గారికంటే దగ్గరగా ఉన్నాడు.

ఇంతసేపూ యజమాని, యజమాని అన్నాను గానీ ఈ వ్యవస్థకు అసలు మూలస్తంభం ఆయన భార్య. ఏ బ్యాంకు పత్రంలోనూ ఆవిడ సంతకం ఉండదు, ఏ ఖాతాలో ఎంతుందో ఆవిడకు చెప్పరు. కానీ ఏ చీర మడతలో ఏముందో ఆవిడకే తెలుసు. ఇంటి దస్తావేజును ఆకుపచ్చ కంచిపట్టు చీర మడతలో పెట్టిందీ ఆవిడే. కిందటి సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన చిన్నమ్మాయి ఆ చీర బాగుందంటే మురిసిపోయి పెట్టెలో సర్ది పంపిందీ ఆవిడే. ఇంట్లో ఎవరికీ దొరకని అమెరికా వీసా, ఆ దస్తావేజుకు అవసరం కూడా పడలేదు.

మొన్న ఇంటి మీద అప్పు కోసం వెళితే బ్యాంకువాళ్లు దస్తావేజు అడిగారు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి సర్టిఫైడ్ నకలైనా తెమ్మన్నారు. నకలు కావాలంటే డాక్యుమెంటు నంబరూ సంవత్సరమూ చెప్పాలి. ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయిస్తే నంబరు తెలుస్తుందని ఎవరో అంటే, ఇంటి గుట్టు అలా కంప్యూటర్లో వెతికించడం ఆయనకు నచ్చలేదు. చివరకు తెల్లవారుజామున చిన్నమ్మాయికి ఫోను చేశారు. ఆమె చీర మడత విప్పి, మొదటి పేజీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. స్టాంపు స్పష్టంగా పడింది, తేదీ స్పష్టంగా పడింది, సుబ్బయ్య అన్న పేరు కూడా స్పష్టంగా పడింది. నంబరు మీద ఆమె బొటనవేలు ఉంది.