పదిహేడేళ్ల వయసులో చదివిన నవల

1986 వేసవిలో, ఇంటర్మీడియట్ చివరి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, హనుమకొండలోని ఒక గ్రంథాలయం నుంచి దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల తెచ్చుకుని, జనగామ వైపు ఉన్న మా అమ్మమ్మ ఊరికి వెళ్లాను. ఆ ఊళ్లో ఒక గడీ, అంటే ఒకప్పటి దొర కోటలాంటి ఇల్లు, ఉండేది. నాకు తెలిసిన గడీ అంటే సగం కూలిన ప్రహరీ, మేకలు కట్టేసే వాకిలి, చిన్నతనంలో దాగుడుమూతలు ఆడుకున్న చీకటి గదులు. రెండు రోజుల్లో నవల పూర్తయింది. మూడో రోజు, అక్కడ ఆడుకుంటున్న పిల్లలను అన్నానికి పిలుచుకు రమ్మంటే వెళ్లి, ఆ వాకిట్లో చాలాసేపు నిలబడిపోయాను. గోడలు అవే, మేకలు అవే. కానీ ఈ వాకిట్లో ఒకప్పుడు ఎవరు చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఆ లోపలి గదుల్లో ఎవరు బతికారు అన్న ప్రశ్న అంతవరకు నా మనసులోకి రానేలేదు.

యవ్వనంలో చదివిన నవల మనిషిని మారుస్తుందని చాలామంది అంటారు. ఫలానా నవల చదివి ఉద్యమంలోకి వెళ్లామనో, ఫలానా పుస్తకంతో దేవుడి మీద నమ్మకం పోయిందనో చెప్పేవారు వరంగల్‌లో ఏ వీధిలోనైనా దొరుకుతారు. ఆ మాటల్లో నిజం ఉంది. అయితే నవల చేసే పని అభిప్రాయాల మార్పిడి కంటే లోతైనదని నాకనిపిస్తుంది. దొరతనం చెడ్డదన్న అభిప్రాయం నాకు అప్పటికే ఉంది, బడిలో చెప్పారు, సభల్లో విన్నాను. నవల నాకు ఇచ్చింది నిలబడి చూడడానికి ఒక చోటు. అక్కడి నుంచి చూస్తే ఎన్నో ఏళ్లుగా ఎదురుగా ఉన్నవే మొదటిసారి కనిపించాయి. కనిపించని వైపు కూడా ఆ చోటుతో పాటే నాకు సంక్రమించింది. మన సాహిత్య సభల్లో మొదటి దాని గురించి ఎంతో చెప్పుకుంటాం, రెండో దాన్ని దాటవేస్తాం. ఆ రెండో దాని గురించి చెప్పడం ఆ నవల మీద నాకున్న గౌరవంలో భాగమేనని నమ్ముతున్నాను.

ఆ నవలలో వనజ అనే ఆడబాప ఉంటుంది. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. దొర బిడ్డను అత్తారింటికి పంపేటప్పుడు సామానుతో పాటు వెంట పంపే దాసిని ఆడబాప అనేవారు. ఆమెకు పెళ్లి ఉండదు, ఇల్లు ఉండదు, ఆ ఇంటి మగవాళ్లకు ఆమె శరీరం మీద హక్కున్నట్టే వ్యవహారం నడిచేది. అర్థం పూర్తిగా తెలియక, వాకిట్లో బియ్యం చెరుగుతున్న అమ్మమ్మను అడిగాను. చేట ఆగిపోయింది.

“గా మాట నీకెవ్వలు చెప్పిన్రు బిడ్డా?”

“పుస్తకంల ఉన్నదమ్మమ్మా.”

“గసోంటియి గూడ పుస్తకాలల్ల రాస్తరా?”

చాలాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తరువాత మళ్లీ చెరుగుతూ, తలెత్తకుండా, మా తాత గురించి చెప్పింది. పొద్దున చుక్క పొడిచే వేళకు గడీకి పోయి కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, పొద్దుగూకినాక వచ్చేవాడని, తన పొలం పని వెన్నెల రాత్రులు చేసుకునేవాడని, కూలి అన్న మాటే లేదని. వెట్టి గురించి నేను పరీక్షల్లో రెండు మార్కుల జవాబు రాసినవాణ్ని. వెట్టి చేసిన మనిషి మనుమణ్ని అన్న సంగతి పదిహేడేళ్లు వచ్చేదాకా తెలియదు. అడిగి ఉంటే ఆమె ఎప్పుడో చెప్పేదేమో. అడగడానికి కావలసిన మాట ఆ నవల ఇచ్చింది.

ఇప్పుడు రెండో వైపు. ఆ నవల కథ పోలీసు చర్యకు ముందటి తెలంగాణ పల్లెలో జరుగుతుంది. ఒక సంగీతకారుడు బతుకుతెరువు వెతుక్కుంటూ ఆంధ్ర ప్రాంతం నుంచి ఆ ఊరికి వస్తాడు. దొర, కరణం, గడీలోని ఆడవాళ్లు, వెట్టివాళ్లు అందరూ అతని రాకతోనే పాఠకుడికి పరిచయమవుతారు. రంగాచార్య 1928లో చిన్నగూడూరులో పుట్టినవారు, నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్నవారు. ఆ బతుకును లోపలి నుంచి ఎరిగినవారు బయటి మనిషిని ఎంచుకోవడం రచనాపరంగా ఎంతో తెలివైన పని. కొత్తగా వచ్చినవాడు ఆశ్చర్యపోతే పాఠకుడూ ఆశ్చర్యపోతాడు, అతడు అడిగితే పాఠకుడికీ జవాబు దొరుకుతుంది. కానీ పదిహేడేళ్ల పాఠకుడు రచనా నైపుణ్యాన్ని చూడడు, ఎవరో ఒకరితో కలిసి నడుస్తాడు. నేను ఆ సంగీతకారుడితో నడిచాను. మా తాత ఆ వాకిట్లో నీళ్ల కావడితో నిలబడి ఉండగా, ఆయన మనుమడు మాత్రం ఆ వాకిట్లోకి అతిథిగా వచ్చిన సున్నిత మనస్కుడి కళ్లతో ఆయన్ను చూసి జాలిపడ్డాడు. ఈ సంగతి నాకు నలభై ఏళ్లు దాటాక, ఆ నవల రెండోసారి చదివినప్పుడు గానీ తట్టలేదు. మధ్యలో గడిచిన కాలమంతా మా ఊరికి ఎప్పుడు వెళ్లినా చుట్టపుచూపుగా వచ్చిన చదువుకున్నవాడిలాగే మెలిగాను. పల్లెను ప్రేమించాను, పల్లె కోసం బాధపడ్డాను, నేనూ పల్లె మనిషినే అన్నది మరిచిపోయాను.

భాష విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ఇంట్లో మాట్లాడే మాటలు అచ్చులో కనిపించడం మా తరానికి చిన్న సంగతి కాదు. బడిలో ఆ మాటలకు దెబ్బలు తిన్నాం, పాఠ్యపుస్తకాల్లో అవి ఉండేవి కావు. నవలలోని పాత్రలు మా ఊరి యాసలో మాట్లాడుతుంటే ఒళ్లు పులకరించింది. అయితే అందులో సంభాషణలు తెలంగాణ మాటలో ఉంటే, కథనం ప్రామాణిక భాషలో ఉంటుంది. ఆ కాలానికి అదే పెద్ద సాహసం, అందులో సందేహం లేదు. నా మనసులో మాత్రం ఒక గీత పడిపోయింది. మన భాష మాట్లాడుకోవడానికి, ఆ ప్రామాణిక భాష ఆలోచించడానికి. బడి పలుకుల కంటే పలుకుబడులే భాషకు ప్రాణమని జీవితమంతా చెప్పిన కాళోజీ మా నగరంలోనే ఉండేవారు, ఆయన్ను దూరం నుంచి ఎన్నోసార్లు చూశాను. అయినా ఆ గీత చెరిగిపోలేదు, ఈ వ్యాసాన్ని కూడా నేను గీతకు ఆవలి భాషలోనే రాస్తున్నాను.

ఒక నవల ఇచ్చిన చూపు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ అడ్డుపడుతుంది అన్నది నాకు అన్నిటికంటే స్పష్టంగా తెలిసింది 1998లో. ఆ ఏడాది వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలతో దేశమంతటా వార్తల్లోకి ఎక్కింది. వానలు అదను తప్పాయి, లద్దె పురుగు చేన్లను తినేసింది, ఎన్నిసార్లు కొట్టినా చావని పురుగు కోసం తెచ్చిన మందే రైతులు తాగారు. నేను అప్పుడు ఒక పత్రికకు పల్లెల నుంచి వార్తలు రాసేవాణ్ని. ఏ ఊరికి వెళ్లినా నా కళ్లు దొర కోసం వెతికేవి. గడీలు కూలిపోయి దశాబ్దాలైంది, కాబట్టి దొర స్థానంలో మరొకరు ఉండి తీరాలన్నది నా లెక్క. విత్తనం, మందు అప్పు మీద ఇచ్చి, పంట చేతికి రాగానే పత్తిని తనకే వేయించుకుని ఖాతాలో జమ కట్టుకునే దుకాణదారులో నాకు ఆ దొర దొరికాడు. అలాగే రాసుకున్నాను కూడా. ఆ అప్పులు, ఆ కట్టుబాటు, ఆ భయం వెంటనే గుర్తుపట్టగలిగానంటే అది పదిహేడేళ్లప్పటి చదువు పుణ్యమే. తోటి విలేకరులు చాలామంది దాన్ని వాతావరణ వార్తగానే చూశారు.

కానీ భర్తను పోగొట్టుకున్న ఒక కౌలు రైతు భార్య, నేను ఆ దుకాణదారు గురించి గుచ్చిగుచ్చి అడుగుతుంటే, “ఆయన గూడ అప్పులనే ఉన్నడు సారూ, పైనోళ్లకు ఆయన కట్టాలె గద” అంది. ఆమె మాటలో ఆ దుకాణదారు మీద జాలి లేదు, కోపం ఉంది. ఆ కోపం అతని దగ్గర ఆగిపోకుండా, ఎనుమాముల మార్కెట్లో ధర ఎవరు పెడతారు, మందు డబ్బాలో ఏముందో ఎవరు చూస్తారు, కౌలుకు చేసేవాడికి బ్యాంకు ఎందుకు అప్పివ్వదు అన్న ప్రశ్నల దాకా వెళ్లింది. గుమ్మంలో పడక కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి ఈ కథలో ఎక్కడా లేడు. అధికారానికి ముఖం ఉంటుందని, మీసం ఉంటుందని నమ్మి పెరిగిన నాకు, ముఖం లేని పెత్తనాన్ని పోల్చుకోవడానికి చదువు లేని ఆ తల్లి సాయం కావలసి వచ్చింది.

దీన్ని బట్టి, యువకులు నవలలు చదివి తప్పుదారి పడతారన్న పాత వాదనకు నేను బలం చేకూరుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. చూపే లేనివాడికి దోషమున్న చూపు కూడా వరమే. దోషాన్ని దిద్దుకోవచ్చు, దిద్దుకోవడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి. నా ఆందోళన వేరే చోట ఉంది. ఆ వయసులో నవల చేతికందే దారులు మన దగ్గర మూసుకుపోతున్నాయి.

ఈ ప్రాంతంలో గ్రంథాలయం ఒకప్పుడు పుస్తకాలు దాచే గది మాత్రమే కాదు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వెలిసింది. చదువు ఉర్దూలో సాగే నిజాం రాజ్యంలో, అనుమతి లేకుండా సభ జరపకూడదని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించిన కాలంలో, తెలుగు పుస్తకం చుట్టూ నలుగురు కూర్చోవడమే ఒక ధిక్కారం. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చు వేసిన పుస్తకాలను తానే మోసుకుని తిరిగి అమ్మారు. తరువాత స్వయంగా నవలలు రాశారు. పుస్తకం కుర్రవాడి దాకా నడిచి వెళ్లాలన్నది ఆయన పట్టు. ఇప్పుడు మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతాయి. ఆ డబ్బు ఎక్కడికి పోతోందన్నది వేరే వ్యాసం. గ్రంథాలయాలు ఖాళీగా లేవు, పొద్దున తలుపు తీసేసరికే కుర్చీలు నిండిపోతాయి. నిండేది పోటీ పరీక్షల గైడ్లతో, నీళ్ల సీసాలతో, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలతో. ఆ పిల్లలను తప్పుపట్టే మనసు నాకు లేదు. ఒక నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే వారికి రెండు రోజులు నవలకు ఇవ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు.

గత చలికాలంలో అలాంటి ఒక పఠన మందిరంలో, గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. సిలబస్‌లో తెలంగాణ సాహిత్యం ఉంది కాబట్టి, ఆమె నోట్సులో ‘చిల్లర దేవుళ్లు’ ఎదురుగా రచయిత పేరు, పుట్టిన ఊరు, మిగతా నవలల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. నవలలో ఏముందని అడిగాను. “అది బిట్‌ల రాదు సార్” అని చెప్పింది. ఆ మాటలో నిర్లక్ష్యం లేదు, ఉన్న సంగతి చెప్పింది. ఆడబాప అంటే తెలుసా అన్నాను. ఒక మార్కు ప్రశ్న కాబట్టి అర్థం ఠక్కున చెప్పింది. మరునాడు నా సొంత ప్రతి తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాను, వీలున్నప్పుడు చదవమని, తిరిగివ్వడానికి తొందర లేదని చెప్పాను.

మూడు వారాల తరువాత పుస్తకం పట్టుకుని ఆమె నా దగ్గరకు వచ్చింది. నా ప్రతిలో దొర దౌర్జన్యం ఉన్న చోటల్లా నేను ఎప్పుడో గీసిన పెన్సిలు గీతలు ఉంటాయి. ఆమె తన గుర్తులు వేరే చోట్ల పెట్టింది. ఎక్కువగా ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునే పేజీల్లో. మీరు ఇక్కడ ఒక్క గీత కూడా పెట్టలేదేం సార్ అని అడిగింది. జవాబు కోసం ఆ పేజీలు ఆమె ముందే మళ్లీ చదివాను. అవి అంతకుముందు రెండుసార్లు చదివిన పేజీలన్న గుర్తు లేదు. పుస్తకం తిరిగివ్వడానికి మాత్రం ఆమె రాలేదు. ఇంకో వారం ఉంచుకుంటానని, ఇంట్లో వాళ్లమ్మ మొదలుపెట్టి సగంలో ఉందని చెప్పి, దాన్ని గైడ్ల మధ్య సంచిలో పెట్టుకుని తీసుకెళ్లింది.